గ్రాఫిక్స్ కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి ఏ వైరు, ఎలా పెట్టాలి?

విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నా, గుంటూరు అరండల్‌పేటలో కొన్నా, కార్డు ఇంటికి తెచ్చాక ముందు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పక్కవైపునున్న లేబుల్ చదవండి. పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూడాలి. కార్డు దాదాపు మొత్తం కరెంటు అక్కడి నుంచే లాగుతుంది. పైన 450 అని ఉన్నా ఆ గడిలో 18 ఆంపియర్లే ఉంటే దక్కేది 216 వాట్లు. అందులోనే ప్రాసెసర్‌కీ వాటా పోవాలి. 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకి ఇక మిగిలేదేముంది?

మదర్‌బోర్డు స్లాటు 75 వాట్ల దాకా ఇస్తుంది. 6 పిన్నుల వైరు మరో 75, 8 పిన్నులది 150. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060కి ఒక 8 పిన్ చాలు.

ఎక్కువమంది పొరబడేది వైర్ల దగ్గరే. ప్రాసెసర్ వైరు 4+4గా, కార్డు వైరు 6+2గా విడిపోతుంది. చూడ్డానికి రెండూ కవలలే గానీ ఒకదానిలో 12 వోల్టులున్న చోట రెండోదానిలో గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్లే దారి) ఉంటుంది. గాడులు వేరు కాబట్టి మామూలుగా దూరదు. దూరలేదంటే అది మీ వైరు కాదు, బలం చూపించకండి. వైర్లు ఊడదీసే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే ఇంకో జాగ్రత్త: దాని డబ్బాలో వచ్చిన వైర్లే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం. పాత వైరు సరిగ్గా కూర్చున్నా కార్డును కాల్చేయగలదు.

కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే రెండు విడి వైర్లు లాగండి. ఒకే వైరుకు రెండు తలలున్నా దానితో సరిపెట్టొద్దు. వైరులో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. హార్డ్‌డిస్కులకు కరెంటిచ్చే సాటా ప్లగ్గు నుంచి 6 పిన్‌కు మార్చే చవక కన్వర్టర్లను మాత్రం చెత్తబుట్టలో వేయండి. సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద 54 వాట్లకే తట్టుకుంటుంది, 75 లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇక బిగింపు. సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. రంగు వేయని క్యాబినెట్ లోహాన్ని ఓసారి తాకండి. కార్డును స్లాటులో టక్కుమనేదాకా నొక్కి, ముందు స్క్రూ బిగించి, ఆ తర్వాతే వైరు పెట్టాలి. 6+2 రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని ఒకేసారి నెట్టండి. క్లిప్పు పడిందో లేదో మెల్లగా లాగి చూడండి.

కొత్త పెద్ద కార్డుల 16 పిన్ ప్లగ్గుతో మరీ జాగ్రత్త. 600 వాట్లంటే 50 ఆంపియర్లు, 12 వోల్టులు మోసే ఆరు పిన్నుల్లో ఒక్కోదానికి ఎనిమిదికి పైనే. సగం దూరితే మిగతా పిన్నుల మీద బరువు పడి మాడుతుంది. మధ్యలో సందు కనబడకూడదు. ప్లగ్గు నుంచి 3.5 సెంటీమీటర్ల వరకు వైరు వంచొద్దు. క్యాబినెట్ తలుపు వైరును ఒత్తుతుంటే ఆ క్యాబినెట్ ఆ కార్డుకు చాలదన్నమాట.

క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందా? గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా కొత్త కార్డు పెట్టకండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, ఆట మధ్యలో కరెంటు పోతే అదీ ఆరిపోవచ్చు.

మానిటర్ వైరు మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టి ఆన్ చేయండి. బొమ్మ రాక ఫ్యాన్లు మాత్రం హోరుమంటే వైరు పూర్తిగా దిగలేదేమో చూడండి. ఆటలో బరువు పెరిగినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. అరగంట ఆడించి, ఆపేసి, ప్లగ్గు పీకి కనెక్టరు తాకండి. మే నెల ఎండలో గోరువెచ్చగా ఉండటం మామూలే. వేలు ఆన్చలేనంత వేడున్నా, ప్లాస్టిక్ వాసనొచ్చినా ఆ వైరును మళ్లీ వాడొద్దు.