ఫైలుకు తాళం (ఎన్‌క్రిప్షన్) పడిందో లేదో చూసే ముందు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా షాపుకు తెరుచుకోని ఫైళ్లతో పెన్‌డ్రైవ్‌లు తెస్తుంటారు. ముందుగా ఇవి గమనించండి:

- అసలు ఫైలు జోలికి పోవద్దు. నకలు తీసి, రెండింటి షా-256 విలువ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటేనని చూసుకోండి.

- పేరు చివరి తోకను (.docx, .pdf లాంటివి) నమ్మవద్దు. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని ప్రతి బైటునూ రెండక్షరాల కోడ్‌గా చూపే ప్రోగ్రాం) తొలి బైట్లు చూడండి. వర్డ్ డాక్స్ ఫైలు నిజానికి జిప్పే, 50 4బీతో మొదలవ్వాలి. డీ0 సీఎఫ్ కనిపిస్తే పాస్‌వర్డ్ పెట్టి ఉండవచ్చు. ఎవరో పాత డాక్‌కు పేరు మార్చినా ఇలాగే ఉంటుంది. పీడీఎఫ్ మహా మోసకారి: తాళం వేసినా తల (తొలి బైట్లు) మారదు.

- ఎంట్రోపీ (బైట్లు ఎంత గజిబిజిగా ఉన్నాయో చెప్పే కొలత; తాళం పడిన ఫైలులో ఎక్కువ) బైటుకు 8 బిట్లకు దగ్గరైతే కంగారు వద్దు. పెళ్లి ఫొటోల జేపెగ్‌లకూ దాదాపు అంతే వస్తుంది.

- ఫైళ్లన్నిటికీ ఒకే వింత తోక మొలిస్తే అది రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కావచ్చు, ముందు నెట్ తీసేయండి.