గ్రీన్‌లాండ్ తెడ్డు ఎలా వేయాలి? గుడగుడ వినిపిస్తే తప్పు వేస్తున్నట్టే

సన్నటి గ్రీన్‌లాండ్ తెడ్డు పట్టిన పది నిమిషాలకే చాలామంది ఇచ్చే తీర్పు ఒకటే: "ఇది నీళ్లను పట్టదండీ, చేతిలో అల్లాడిపోతోంది." తప్పు తెడ్డుది కాదు. అద్దె కయాక్‌లతో (ఒకరిద్దరు కూర్చుని తెడ్డేసే సన్నటి పడవలు) ఇచ్చే వెడల్పాటి తెడ్డును లాగినట్టే దీన్నీ లాగుతున్నారు.

ముందు సరంజామా. పొడవు మీ బార, దాని మీద ఒక మూర. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి సుమారు 215 సెంటీమీటర్లు. బ్లేడు, అంటే నీళ్లలో దిగే చదును భాగం, వెడల్పు 8, 9 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు కొసల బ్లేడులూ ఒకే వాటంలో ఉండాలి, మెలి ఉన్నది వద్దు. చెక్కదే తీసుకోండి. కార్బన్‌ది తేలిక, నిజమే, అయినా వద్దు. వార్నిష్ కూడా వద్దు, తడిస్తే జారుతుంది. అవిసె నూనె పట్టిస్తే చాలు. లైఫ్ జాకెట్ గురించి నాతో చెప్పించుకోకండి.

పట్టు: బొటనవేలు, చూపుడువేలు నడిమి కర్ర చివర చుట్టూ, మిగతా మూడు వేళ్లు బ్లేడు మొదలు మీద. వదులుగా పట్టుకోండి. చేతులు ఛాతీ ఎత్తు దాటొద్దు.

ఇక అసలు సంగతి వాలు. బ్లేడును నీళ్లలో నిట్టనిలువుగా పెట్టి లాగకూడదు. దాని పై అంచు కాస్త ముందుకు, అంటే కయాక్ వెళ్లే వైపుకు, ఒరిగి ఉండాలి. అలా ఉంటే లాగేకొద్దీ నీళ్లే బ్లేడును కిందికి నొక్కుతాయి, అది తనంతట తాను మునుగుతుంది. నిలువుగా పెడితే నీళ్లు ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి జారుతాయి. మీరు ఫిర్యాదు చేసే ఆ వణుకు అదే. వెనక్కి ఒరిగిందా, తెడ్డు పైకి తేలిపోతుంది.

ఈ వాలు మణికట్టు మెలిపెట్టి తెచ్చేది కాదు. అలా చేసినవాళ్లకి సాయంత్రానికి మణికట్లు పట్టేస్తాయి. మూడు వేళ్లూ బ్లేడు మీద పరిచి, మణికట్లు తిన్నగా ఉంచితే చాలు, వాలు దానంతటదే వస్తుంది. అనుమానంగా ఉంటే ఒడ్డు పక్కన ఆగి, ఒక వైపే బ్లేడు ముంచి నెమ్మదిగా లాగండి. కిందికి దిగితే సరే. పైకి లేస్తే వాలు తిరగబడింది.

దీనితోపాటే రెండో జాగ్రత్త, తొందర. మోకాళ్ల దగ్గర బ్లేడును వంకాయలోకి కత్తి దిగినట్టు చప్పుడు లేకుండా దించండి. మొదలు దాకా మునిగేవరకూ బలం పెట్టొద్దు. సగం మునిగినప్పుడే గుంజితే గాలి కూడా వెంట దిగుతుంది, గుడగుడమంటుంది, వెనక బుడగల చాలు పడుతుంది. గాలిని లాగితే పడవ కదలదు కదా! మెల్లగా మొదలుపెట్టి తుంటి వైపు వచ్చేకొద్దీ బలం పెంచండి. ఆ బలం నడుము తిప్పడం నుంచి రావాలి, మోచేయి మడవడం నుంచి కాదు.

"ఇంత సన్నటి బ్లేడుతో ఏం వేగం?" అని వెడల్పాటి తెడ్డువాళ్లు నవ్వుతుంటారు. వాళ్లది పొట్టి, వెడల్పు. దీనిది సన్నం, కానీ నడిమి కర్ర దాకా పొడవంతా బ్లేడే. విస్తీర్ణంలో పెద్ద తేడా ఉండదు. చెట్లు దాదాపు లేని గ్రీన్‌లాండ్‌లో, సైబీరియా నదుల నుంచి సముద్రం మీద కొట్టుకొచ్చిన దుంగల్ని చెక్కి, కొసలకు ఎముక బిగించి, అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్లు సీల్ అనే సముద్ర జంతువుల వేటకు తీసుకెళ్లింది ఇలాంటి తెడ్లనే. గంటల తరబడి వేసినా భుజాలు పట్టకూడదు, గాలికి ఎగరకూడదు. వాళ్లకి కావలసింది అదీ.

తుంటి దాటకముందే బయటికి తీసేయండి. పై అంచు ముందు వచ్చేలా జార్చి తీయాలి, నీళ్లను ఎత్తి పోయకూడదు. నీళ్లు పైకి లేస్తున్నాయంటే ఆలస్యంగా తీస్తున్నారు.

ఎదురుగాలి వస్తే చాలామంది చేతులు పైకెత్తి గబగబా కొడతారు. అప్పుడు చేతులు ఇంకా కిందికి దించాలి. పై బ్లేడు నీళ్లకు దగ్గరగా సాగితే గాలికి దొరకదు. మిగతాదంతా అదే, అదే వాలు, అదే నిదానం.