లేపాక్షి చూసొచ్చి తేటగీతి రాయడం ఎలా

ఊరు చూసొచ్చి పద్యం రాస్తే, పది పద్యాల్లో ఎనిమిది ఏ ఊరికైనా అతికేలా ఉంటాయి. "శిల్పకళా వైభవం", "కనులకు విందు" అన్న మాటలు హంపికీ సరిపోతాయి, రామప్పకీ సరిపోతాయి. పద్యం ఆ చోటు వదిలి కదలకుండా ఉండాలంటే అక్కడి వస్తువొకటి, అక్కడి పురాణమొకటి, ఈ రెండూ తగిలే క్షణమొకటి కావాలి. శ్రీసత్యసాయి జిల్లాలోని లేపాక్షి గుడిని, తేటగీతి అనే నాలుగు పాదాల పద్యాన్ని తీసుకుని చూద్దాం.

అక్కడ చూడాల్సినవి బోలెడు: 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది, ఏడు పడగల నాగలింగం, కప్పు మీది వర్ణచిత్రాలు, సగంలో ఆగిన కల్యాణ మండపం. నాలుగు పాదాల్లో ఇవన్నీ పట్టవు. ఒక్కటే తీసుకోండి. ఇక్కడ వేలాడే స్తంభం తీసుకుంటున్నాం. కథలు కూడా రెండున్నాయి. రావణుడు రెక్కలు నరికితే పడిపోయిన జటాయువును రాముడు "లే, పక్షీ" అన్నాడని ఒకటి. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరుక్కున్నాడని ఇంకొకటి. రెండింటినీ ఒకే పద్యంలో కలిపితే ఏదీ నిలవదు.

ఇక లెక్క. పొట్టిగా పలికే అక్షరం లఘువు (I), సాగదీసో ఊనో పలికేది గురువు (U), ఇవి కొన్ని కలిస్తే గణం. తేటగీతిలో ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. సూర్యగణాలు రెండే: న (III), హ (UI). ఇంద్రగణాలు ఆరు: నగ (IIIU), నల (IIII), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి, అంటే రెండింటి ధ్వనీ పొసగాలి. ప్రాస (అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావడం) అక్కర్లేదు.

ముందుగా పేర్లను తూచి చూసుకోండి, చాలామంది తడబడేది ఇక్కడే. "లేపాక్షి" UUI, త గణం. కాబట్టి పాదం మొదట్లో పట్టదు, రెండో చోటో మూడో చోటో పెట్టాలి. "జటాయువు" IUII. లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే గణం పైవాటిలో లేదు గనక గణం మొదట్లో ఎక్కడా కూర్చోదు. ముందు "ఆ" చేర్చండి: ఆజ (UI), టాయువు (UII). పాదం మొదట్లో చక్కగా ఒదుగుతుంది. "ఆ విరూపణ్ణ"కూ ఇదే ఉపాయం. ఆ గుడి దేవుడు "వీరభద్రుడు" మాత్రం ఏ సాయమూ లేకుండా వీర, భద్రుడు అని తనంతట తానే విరుగుతుంది.

మొదటి పాదం ఇలా వచ్చిందనుకోండి: "నేల తాకని కంబంబు నీడలోన". గణాలు సరి, యతి సరి. చూపే సరిగా లేదు. వంగి చూస్తే ఆ స్తంభం ఓ మూల కాస్త నేలకు ఆనుకునే ఉంటుంది. చూసేవాళ్లు మిగతా సందులోంచి గుడ్డ లాగుతారు. ఎవరో చెప్పిన మాట కన్నా మీ కన్ను చెప్పిందే పద్యానికి బలం. ఆ ఆనీ ఆననితనాన్నే పట్టుకుంటే కొన ఊపిరితో ఉన్న పక్షి కూడా దగ్గరకొస్తుంది:

నేల తాకియు తాకని నిలువురాతి
చెంత, "రెక్కలు తెగియున్న చెలిమి పులుగ!
లేచి ర"మ్మన్న పిలుపునే లేతగాలి
గుడ్డనూపుచు నీడలో గొణుగుచుండు

రెండో పాదాన్ని విడదీస్తే: చెంత (UI), రెక్కలు (UII), తెగియున్న (IIUI), చెలిమి (III), పులుగ (III). చెం–చె యతి. జటాయువు దశరథుడి స్నేహితుడు, అందుకే "చెలిమి పులుగు". ఆ విశేషణం యతి కోసం తెచ్చినట్టుండకపోవడానికి కారణం కథలో దానికి చోటుండటమే. ఎంత వెతికినా అలాంటి మాట దొరకకపోతే "మఱి", "సుమీ", "గదా" అని పూడ్చకండి, పాదాన్నే మార్చండి. పూడ్చిన చోటు చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

యతిలో హల్లు కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. నే–ని, నే–నీ, నే–నె కుదురుతాయి. నే–నూ కుదరదు. గు–గొ కుదురుతుంది, ఉకారానికి ఒకారం మిత్రమే. "స్తంభం" లాంటి సంయుక్తాక్షరంతో మొదలయ్యే మాట వస్తే ముందు అక్షరం గురువవుతుందా లేదా అన్న తగువు వస్తుంది. కొత్తలో ఆ తగువు పెట్టుకోకుండా "కంబము" అనో "నిలువురాయి" అనో తప్పుకోవడం మేలు.

చూసినవి అక్కడే కాగితం మీద పెట్టుకోండి. రాయి రంగు, ఏ పూట వెలుగు, జనం ఏం చేస్తున్నారు, పూజారి ఏ మాట వాడాడు: ఇవి నాలుగైదు ముక్కలు చాలు. ఫోటో గుడ్డ కదలికను చూపదు. గణాలు కట్టడం మాత్రం ఇంటికొచ్చాకే. పైకి చదివినప్పుడు నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ గురులఘువులు మళ్లీ లెక్కపెట్టండి.

లేపాక్షి చూడనివాళ్లకు "గుడ్డ" ఏమిటో అర్థం కాదు. పద్యం కింద ఒక్క వాక్యం వివరణ రాయండి, పద్యంలోకి మాత్రం లాగకండి.