వేట నిషేధ నెలల్లో సరుకుల పంపిణీ: లెక్క ఎలా చూడాలి, నివేదిక ఎలా రాయాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లు వరసకట్టి నిలిచిపోతాయి. పెదజాలరిపేట నుంచి మంగమారిపేట, భీమిలి దాకా మత్స్యకార వాడల్లో రోజువారీ రాబడి తెగిపోతుంది. ఆ నెలల్లో స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సి.ఎస్.ఆర్. (సామాజిక బాధ్యత) విభాగాలు పప్పు, నూనె, చోడి (రాగి) పిండి లాంటివి పంచుతుంటాయి. ఎన్ని సంచులు పంచారో అందరి దగ్గరా రాసి ఉంటుంది. ఆ సరుకుతో కంచంలో ఏం మారిందో చెప్పే లెక్క మాత్రం అరుదు. ఆ లెక్క కట్టే పద్ధతి ఇది.

ఇలాంటి ప్రాజెక్టులో, పడిపోవాల్సిన అంకె పడకుండా నిలిస్తే అదే ఫలితం. ఈ సంగతి మొదట్లోనే అందరూ ఒప్పుకోవాలి. లేకపోతే మంచి పని చేసి కూడా మార్పు లేదని రాసుకుంటారు, లేదా పెరుగుదల చూపించడానికి ప్రశ్నలనే వంచుతారు.

కిట్టు సత్తా ఎంత?

సర్వే ఫారం తయారు చేయకముందే ఈ లెక్క కట్టండి. నలుగురున్న ఇంటికి నెలకు 2 కిలోల కందిపప్పు, 2 లీటర్ల నూనె ఇస్తున్నారనుకుందాం. నలుగురికి 30 రోజులంటే 120 మనిషి-రోజులు. పప్పు మనిషికి రోజుకు 17 గ్రాములు వస్తుంది, అంటే సుమారు 55 కేలరీలు. నూనె 15 గ్రాములు, 135 కేలరీలు. రెండూ కలిపి 190. అత్యవసర సహాయంలో మనిషికి రోజుకు 2,100 కేలరీలు ప్రమాణంగా తీసుకుంటారు. అందులో ఇది పదో వంతు కూడా లేదు. రేషన్ డిపో బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే రోజుకు 167 గ్రాములు, మరో 580 కేలరీలు తెస్తుంది. కానీ అది మీ ఖాతాలోది కాదు.

మరి ఈ కిట్టు చేయగలిగే పని ఏమిటి? నలుగురికి ఒక పూట పప్పు వండాలంటే 200 గ్రాములు పడుతుంది. 2 కిలోలంటే నెలకు పదిసార్లు, వారానికి రెండు మూడు రోజులు. ఈ ఇంటి మీద కిట్టు వేసే ముద్ర అంతే: పప్పు వండుకునే రోజులు పెరగాలి, లేదా కనీసం తగ్గకుండా ఉండాలి. మీ మొదటి సూచిక అదే కావాలి. 'పోషకాహార లోపం తగ్గించడం' అని లక్ష్యంలో రాసుకుంటే, రెండు నెలల తర్వాత ఆ అంకెను ఎవరూ నిజాయితీగా చూపించలేరు. పిల్లల జబ్బ చుట్టుకొలత అంగన్‌వాడీ టేపుతో కొలిచినప్పుడు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే వెంటనే ఆస్పత్రికి పంపండి. దాన్ని కిట్టుకు మార్కులు వేయడానికి మాత్రం వాడకండి.

ఒక ఇల్లు, మూడు స్కోర్లు

ఇంటి తిండిని కొలవడానికి ప్రపంచ ఆహార కార్యక్రమం తయారు చేసిన ఆహార వినియోగ స్కోరు, అంటే ఎఫ్.సి.ఎస్., సరిపోతుంది. గడిచిన 7 రోజుల్లో ఒక్కో రకం తిండి ఎన్ని రోజులు తిన్నారో అడిగి, ఆ రోజులను బరువుతో గుణించాలి. అన్నం, చోడి, గోధుమ వంటి ధాన్యాలకు, దుంపలకు 2. పప్పులకు 3. కూరగాయలకు 1, పళ్లకు 1. చేపలు, మాంసం, గుడ్లకు 4. పాలు, పెరుగుకు 4. పంచదారకు అర, నూనెకు అర. మన దగ్గరలా నూనె, పంచదార దాదాపు రోజూ వాడే చోట 28 దాకా హీనం, 28.5 నుంచి 42 దాకా అంచున, 42 దాటితే ఫర్వాలేదు అని లెక్క. ఒక రకానికి 7 రోజులకు మించి రాయకూడదు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం తింటే ధాన్యాల కింద అది ఒక్క రోజే.

ఇంతవరకు తేలికే. తప్పులన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి. ఒక ఇల్లాలు ఇలా చెప్పింది అనుకోండి: అన్నం 7 రోజులు, పప్పు 2, కూరగాయలు 4, చేప 3, నూనె 7, పంచదార 7, పాలు 7. సర్వే చేసే అమ్మాయి విన్నది విన్నట్టు రాస్తే 14, 6, 4, 12, 3.5, 3.5, 28 కలిపి 71. ఇల్లు బ్రహ్మాండంగా ఉందని అర్థం. కానీ ఆ పాలు టీలో పడిన పాలు. నలుగురికి పావు లీటరు పాలతో రెండు పూటలా టీ కాస్తే దాన్ని పాల కింద రాయకూడదు. అవి తీసేస్తే 43. ఇక ఆ చేప ఏమిటి? వేట ఆగిన నెలలో చాలా ఇళ్లల్లో పులుసులో నాలుగు ఎండు నెత్తళ్లు వేస్తారు, వాసన కోసం. మనిషికి ఒక టీ చెంచాడు కూడా దక్కని పదార్థం రుచి కోసం వేసిందే గానీ తిండి కాదు. అదీ తీసేస్తే 31. అదే ఇల్లు, అదే వారం, మూడు స్కోర్లు. అసలైనది 31. ఇల్లు అంచున ఉంది.

అందుకని ఫారంలో పాలకూ చేపకూ రెండేసి ప్రశ్నలు పెట్టండి: 'టీలో కాకుండా పాలు, పెరుగు, మజ్జిగ ఎన్ని రోజులు?', 'ముక్క తిన్నది ఎన్ని రోజులు, పులుసులో వాసనకు వేసింది ఎన్ని రోజులు?' సర్వేయర్ల శిక్షణలో సగం రోజు దీనికే ఇవ్వండి. ఒకే ఇంటి కథ చదివి వినిపించి అందరిచేతా స్కోరు కట్టించండి. అందరికీ ఒకే అంకె వచ్చేదాకా వాడలోకి పంపకండి.

ప్రతి పదార్థం పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాయించాలి: డిపో, కొన్నది, మన కిట్టు, అప్పు. ఈ ఒక్క గడి లేకపోతే పప్పు రోజులు పెరిగినా అవి కిట్టువల్ల పెరిగాయని చెప్పలేరు. గడిచిన వారంలో ఏదైనా పండగ, అన్నదానం వచ్చిందా అన్నది కూడా అడగాలి. సింహాచలం చందనోత్సవం సాధారణంగా ఈ నిషేధ నెలల్లోనే వస్తుంది. ఆ వారం తిండి మామూలు వారం తిండి కాదు, సర్వేను ఒక వారం జరపడం మేలు.

దీనికి తోడుగా కష్టాన్ని ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పే ఐదు ప్రశ్నలు ఉన్నాయి. ఇవి కూడా గడిచిన 7 రోజులకే. చవకరకం తిండితో సరిపెట్టుకోవడం, బరువు 1. తిండి అప్పు తేవడం, 2. వడ్డన తగ్గించడం, 1. పిల్లలకు పెట్టి పెద్దలు మానుకోవడం, 3. పూటలు తగ్గించడం, 1. రోజులను బరువుతో గుణించి కలిపితే మొత్తం 3 దాకా ఉంటే ఇబ్బంది లేదు, 19 గానీ అంతకు మించి గానీ వస్తే సంక్షోభం. ఎఫ్.సి.ఎస్. బాగుండి ఇది ఎక్కువగా వచ్చిన ఇంట్లో తిండి అప్పు మీద నడుస్తోందేమో చూడండి. ఇంకో రెండు వారాలకు ఎఫ్.సి.ఎస్. కూడా పడొచ్చు.

ఎప్పుడు, ఎవరిని అడగాలి

మొదటి విడత ఏప్రిల్ మొదటి పది రోజుల్లో, వేట ఇంకా నడుస్తుండగా చేయాలి. రెండోది మే నడుమ, కిట్టు చేరిన రెండు మూడు వారాలకు. మూడోది జూన్ మొదటి వారంలో. మొదటి సర్వే మే నెలలో చేసి చివరిది జులైలో చేస్తే స్కోరు తప్పక పెరుగుతుంది. ఆ పెంపు సముద్రం ఇచ్చింది, కిట్టు ఇచ్చింది కాదు.

ఇంకో చిక్కు వేట నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 20,000 రూపాయలకు పెంచి ఏప్రిల్ 26న విడుదల చేసింది. అంత డబ్బు పడిన ఇంట్లో మే నెల తిండి బాగుంటే అందులో మీ వాటా ఎంత? దీనికి జవాబు, పోల్చి చూడటానికి కిట్టు ఇంకా అందని వాడ. కిట్లను ఎలాగూ ఒకే రోజు అన్ని వాడల్లో ఇవ్వలేరు. మే సర్వే అయ్యాక కిట్టు అందే వాడలను పోలికకు తీసుకోండి. అప్పుడు ఎవరికీ సాయం ఆపినట్టు కాదు. ఉదాహరణకు కిట్టు అందిన వాడల్లో సగటు స్కోరు 52 నుంచి 49కి, అందని వాడల్లో 51 నుంచి 41కి పడిందనుకుందాం. ఒకచోట 3 తగ్గింది, మరోచోట 10. తేడా 7. వారానికి రెండు మూడు పప్పు రోజులు, రోజుకు 3 చొప్పున అంటే సుమారు 7. కిట్టు సత్తా లెక్క, సర్వే లెక్క ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. తేడా 20 వచ్చిందంటే సంబరపడకండి, టీ పాలు మళ్లీ లోపలికి వచ్చాయేమో చూడండి.

మొత్తం మీద ఒకే అంకె చూపిస్తే మరో సంగతి దాగిపోతుంది. భృతి బోటు మీద వేటకు వెళ్లేవారి పేరున వస్తుంది. చేపలమ్ముకునే ఒంటరి ఆడవాళ్లకు, ఐసు మోసే కూలీలకు రాదు. ఇంజను లేని తెప్ప మీద వెళ్లేవాళ్లకు నిషేధమే లేదు. ఈ మూడు రకాల ఇళ్లను విడివిడిగా చూపించాలి. మనకు తెలియాల్సిన ఆకలి తరచుగా రెండో గుంపులో ఉంటుంది.

ఎన్ని ఇళ్లు? ఒక విడతలో ఎంత శాతం ఇళ్లు అన్నదాన్ని 10 శాతం అటూ ఇటూగా చెప్పడానికి 96 ఇళ్లు చాలు. తాళం వేసిన ఇళ్ల కోసం మరో పది శాతం కలపండి. కానీ 'ఫర్వాలేదు' ఇళ్లు 40 శాతమా 55 శాతమా అన్న తేడాను నమ్మకంగా పట్టాలంటే ప్రతి గుంపులో 173 కావాలి. ఇళ్లను వాడలవారీగా ఎంచితే ఒకే వాడలో ఇళ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 260 తీసుకోవాలి. జాబితా నుంచి ప్రతి అయిదో ఇల్లో పదో ఇల్లో తీయండి. మొదటిది చీటీ వేసి తీయాలి. వాడ పెద్ద చూపించిన ఇళ్లకు వెళ్తే ఆ సర్వే చెల్లదు.

వంట చేసే మనిషినే అడగాలి, కోవెల అరుగు మీద పదిమంది ముందు కాకుండా ఇంటి గుమ్మంలో. 'వారంలో పప్పు ఎన్ని రోజులు?' అని నేరుగా అడిగితే చాలామంది గౌరవం కోసం ఎక్కువే చెబుతారు. 'అమ్మా, నిన్న లేచిన కాడినుంచి పడుకునే దాకా ఏం వండారు?' అని మొదలుపెట్టి, మొన్న, అటుమొన్న అంటూ వెనక్కి నడిపించండి. కోబో లాంటి ఫోన్ ఫారంలో రోజుల గడి 0 నుంచి 7 దాటకుండా కట్టడి పెట్టండి. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఆధార్ నంబరు తీసుకోవద్దు, ఈ పనికి అది అవసరం లేదు. రోజూ సాయంత్రం రెండు చూడండి: 8 నిమిషాల్లోపు ముగిసిన ఫారాలు, ఒకే సర్వేయరు దగ్గర అన్ని ఇళ్లకూ దాదాపు ఒకే స్కోరు. పది శాతం ఇళ్లకు వేరే మనిషి వెళ్లి మూడు ప్రశ్నలు మళ్లీ అడగాలి.

గోదాము, తూకం, ఫిర్యాదు

50 కిలోల గోనె సంచి ఖాళీగానే 580 గ్రాముల దాకా తూగుతుంది. సంచితో కలిపి 50 కిలోలని రాసుకుంటే నూరు సంచులకు 58 కిలోలు కాగితం మీద మాత్రమే ఉంటాయి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా వాడండి. పంపిణీ రోజు నూరు కిట్లకు పదింటిని, వరసలోంచి చేతికందినవి కాకుండా చీటీ వేసి తూచి రాయండి. రిజిస్టరులో నిల్వ, వచ్చింది, ఇచ్చింది, పాడైంది, మిగిలింది అని అయిదు గడులు చాలు, కానీ మిగిలింది లెక్కవేసి రాయకూడదు, ఎక్కి లెక్కపెట్టి రాయాలి. మన తీరపు ఉక్కకు నేల మీద పెట్టిన బస్తా అడుగు చెమ్మెక్కుతుంది, చోడిపిండిలో పెంకు పురుగు పడుతుంది. చెక్క పలకల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. ముందు గడువు తీరేది ముందు బయటికి వెళ్లాలి.

కిట్టు మీదే ఫిర్యాదు ఫోన్ నంబరు అచ్చేయించండి. నెలంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే నంబరు ఎవరికీ తెలియలేదేమో ముందు చూడాలి. 'సరుకు కోసం ఎవరైనా డబ్బు గానీ, మరేదైనా గానీ అడిగారా?' అన్న ప్రశ్న సర్వేలో తప్పక ఉండాలి. దానికి అవును అన్న ఫారం పంపిణీ చేసిన బృందం చేతికి వెళ్లకూడదు. అలాంటి వాటికి వేరే మనిషి, వేరే ఫైలు ఉండాలి.

నివేదిక

నెలకు రెండు పేజీలు. మొదటి పేజీలో ఒకటే పట్టిక: అనుకున్న ఇళ్లు, అందిన ఇళ్లు, తూకంలో తగ్గిన కిట్లు, పప్పు రోజులు, మూడు రకాల ఇళ్లకూ స్కోరు తరగతులు. ప్రతి శాతం పక్కన ఎన్ని ఇళ్లలో ఎన్ని అన్నది రాయాలి. 12 ఇళ్లలో 9 అయితే 75 శాతం అని ఒంటరిగా రాయకండి. రెండో పేజీలో తప్పిపోయినవి: ఏది, ఎందుకు, ఎవరు, ఏ తేదీకి సరిచేస్తారు. ఆ పేజీ ఖాళీగా పంపితే దాత మొదటి పేజీని కూడా నమ్మకూడదు.

డబ్బు విదేశీ విరాళమైతే ఎఫ్.సి.-4 రిటర్ను ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లో, అంటే డిసెంబరు 31కి దాఖలు కావాలి. సి.ఎస్.ఆర్. డబ్బు విషయంలో, గత మూడేళ్ల సగటు సి.ఎస్.ఆర్. బాధ్యత 10 కోట్లు గానీ ఆపైన గానీ ఉన్న కంపెనీ, కోటి రూపాయలు ఆపైన ఖర్చుతో ముగిసిన ప్రాజెక్టుకు ఏడాది గడిచాక బయటి సంస్థతో ప్రభావ అంచనా చేయించాలి. వాళ్లు మొదట అడిగేది ఏప్రిల్ నాటి సర్వే మూల ఫైళ్లు. పేర్లు తీసేసి, ఖాళీ ఫారం, ఎంపిక జాబితా, చీటీ వేసిన తేదీతో సహా భద్రపరచండి.

ఇదే పట్టికను పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చేయించి వాడలో కోవెల దగ్గర చదివి వినిపించండి. జూన్ 14 లోపే, బోట్లు కదలకముందే. ఆ తర్వాత వినడానికి మనుషులు దొరకరు. జాబితాలో ఉండకూడని ఇల్లు, ఉండాల్సిన ఇల్లు ఏవో అక్కడే బయటపడతాయి, వచ్చే ఏప్రిల్ జాబితా అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.