పికప్ బండి బ్రేక్ కాలిపర్‌ను విప్పి తిరిగి బిగించే విధానం

బొలేరో పికప్‌కు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి కనుక దానిలో కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పని ముందు చక్రాల దగ్గరే. బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, చక్రం నేలను ఆని ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేయాలి. జాకీతో పైకెత్తాక ఛాసిస్ కింద స్టాండు పెట్టనిదే చేయి లోపలికి పోనివ్వకండి.

చక్రం తీసి, కాలిపర్ వెనుక ఉన్న రెండు పిన్ను బోల్టులను విప్పాలి. అప్పటికీ కాలిపర్ రాకపోతే, అరిగిన డిస్క్ అంచున మిగిలిన గట్టు ప్యాడ్‌ను పట్టి ఉంచిందని గ్రహించి, ప్యాడ్‌ను మెల్లగా వెనక్కి నెట్టాలి. ఊడిన కాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ తెచ్చే హోస్ పైపుకు వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్‌కు కట్టాలి. బరువుకు హోస్ లోపలి పొర చిరిగినా పైకి ఏమీ కనిపించదు.

ఈ పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులకే అని నా నమ్మకం. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగి, బయటిది మందంగా మిగిలి ఉంటే, పిన్ను పట్టేసిందేమో ముందుగా చూడాలి. దాన్ని బయటికి లాగితే ఎండిన గ్రీజు నల్లటి పెచ్చులుగా, నడుమ తుప్పు మచ్చలతో కనిపిస్తుంది. పెచ్చులను తుడిచి, గుంటలు పడిన పిన్నునూ చిరిగిన రబ్బరు తొడుగునూ మార్చి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజును పలచగా రాయాలి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

కొత్త ప్యాడ్లకు చోటు కావాలంటే, పాత ప్యాడ్‌ను అడ్డుపెట్టి సీ క్లాంపుతో పిస్టన్‌ను నిదానంగా లోపలికి నెట్టాలి. అప్పుడు ట్యాంకులో బ్రేక్ ఆయిల్ పైకి వస్తుంది. అది పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి ముందే కొంత తీసివేయాలి.

కాలిపర్‌నే మారుస్తుంటే హోస్ బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. గాలి తీసే నిపుల్ పై వైపున ఉండాలి; అది కిందికి వచ్చిందంటే కుడి, ఎడమ కాలిపర్లు తారుమారయ్యాయని అర్థం, అలా ఉంటే ఎంత బ్లీడింగ్ (గాలి తీయడం) చేసినా గాలి పోదు.

బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, హోస్ విప్పి ఉంటే గాలి తీసి, చక్రం అమర్చాలి. ఇంజిన్ వేయకముందే పెడల్ గట్టిపడే వరకు తొక్కి, ఆయిల్ మట్టం చూసి, ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండు మూడు సార్లు ఆపి చూసిన తరువాతే సరుకు ఎక్కించాలి.