మెడల్ మీ రికార్డులో లేదంటున్నారా? ముందు సర్వీస్ నంబరు చూడండి

ప్రతి ఏటా నవంబరు చివరికి నా దగ్గరికి కాగితాల సంచులు రావడం మొదలవుతుంది. డిసెంబరు 4 నేవీ డే. విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గరికి వెళ్లే పాతవాళ్లు బీరువాలోంచి కోటు తీస్తారు, మెడల్స్ తుడుస్తారు. అప్పుడే లెక్క చూసుకుంటారు. "నాతోపాటు పనిచేసినవాడికి అది ఉంది, నాకెందుకు లేదు?" అని. మల్కాపురం, గాజువాక, మర్రిపాలెం, పెందుర్తి, ఇటు భీమిలి దాకా అన్నిచోట్ల నుంచీ వస్తారు. పెద్దాయన పోయాక కొడుకో మనవడో వచ్చే కేసులూ ఉన్నాయి.

నేను ఆర్మీలో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఈ కాగితాల పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడు దరఖాస్తులు పెట్టి విసిగిపోయి ఉంటారు. "డిశ్చార్జి బుక్ (సర్వీసు ముగిశాక ఇచ్చే పుస్తకం) తెరిచి చూశారా సార్?" అంటే మాత్రం "అది ఇంట్లో ఉంది" అంటారు. దయచేసి ముందు అది తెరవండి. మిగతాదంతా ఆ తర్వాతే.

మెడల్ లేదు అంటే ఏది లేదు?

డిశ్చార్జి బుక్‌లో మెడల్స్ రాసే చోటు ఉంటుంది. అక్కడ మీ మెడల్ పేరు ఉండి, వస్తువు మాత్రం చేతికి రాకపోతే అది రికార్డు తప్పు కాదు. మెడల్స్ తయారై రావడం ఏళ్ల తరబడి ఆలస్యం కావడం మనందరికీ తెలుసు. సర్వీసులో ఉండగా బజార్లో కొన్న నకలు పెట్టుకుని పరేడ్ చేసినవాళ్లం మనమే. ఇలాంటప్పుడు రాయాల్సింది "మెడల్ ఇష్యూ చేయండి" అని. "నా రికార్డు సరిచేయండి" అని రాస్తే "మీ రికార్డు సరిగానే ఉంది" అని జవాబు వస్తుంది, ఫైలు మూసేస్తారు. ఒక్క మాట తేడాతో ఏడాది పోతుంది.

ఒరిజినల్ పోగొట్టుకుంటే అది వేరే దరఖాస్తు. పోలీసు ఫిర్యాదు కాగితం, అఫిడవిట్ జతచేసి డబ్బు కట్టి నకలు అడగాలి.

బుక్‌లో పేరే లేకపోతేనే అసలు సమస్య. అప్పుడు కూడా మీకు అది వచ్చే మెడలేనా అని ఒకసారి చూసుకోండి. కొన్నిటికి తేదీ చాలు. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉంటే 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉంటే 50వది. 9, 20, 30 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్స్‌కి సర్వీసు కాలమే ముఖ్యం. ఇలాంటివి లేకపోతే ఎక్కడో నమోదు జారిపోయిందనే అర్థం, అడిగితే వస్తాయి. స్టార్‌లు అనే యుద్ధ పతకాల సంగతి అలా కాదు. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ యుద్ధరంగంలో ఉన్నవాళ్లకు. సంగ్రామ్ మెడల్ అంతకంటే ఎక్కువమందికి వర్తిస్తుంది. 1965కీ సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ అలాగే జంటగా ఉన్నాయి. "యుద్ధం అప్పుడు నేను సర్వీసులో ఉన్నాను" అన్న ఒక్క మాటతో స్టార్ రాదు. ఎక్కడ ఉన్నారో చెప్పాలి.

"ఈ వ్యక్తి రికార్డులో అలాంటి మెడల్ లేదు" అని జవాబు వచ్చింది

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇదే, తప్పు సర్వీస్ నంబరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆర్మీలో మీ విషయంలో ఏ మార్పు జరిగినా, పెళ్లయినా, పిల్లలు పుట్టినా, ప్రమోషన్ వచ్చినా, మెడల్‌కి అర్హత వచ్చినా, యూనిట్ దాన్ని నమోదు చేస్తూ ఒక పార్ట్ టూ ఆర్డర్ వేస్తుంది. అది మీ రెజిమెంటు లేదా కోర్ రికార్డు ఆఫీసుకి చేరి మీ షీట్ రోల్‌లోకి, అంటే సర్వీసు వివరాల పత్రంలోకి ఎక్కుతుంది. నేవీలో ఆ పని జెన్‌ఫామ్‌తో జరుగుతుంది, ఎయిర్‌ఫోర్స్‌లో పీఓఆర్‌తో. ఏ పేరుతో పిలిచినా ఆ కాగితాన్ని మీ దగ్గరికి చేర్చేది మీ పేరు కాదు, మీ సర్వీస్ నంబరు. ఆ నంబరు జీవితాంతం ఒకటే అనుకుంటాం. చాలామందికి ఒకటి కాదు.

భీమిలి దగ్గరి ఒక పెద్దాయన విషయం చెబుతాను. వాళ్లబ్బాయి పెన్షన్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. నాన్నగారు 1971లో తూర్పు వైపు ఉన్నారు, పూర్వీ స్టార్ లేదు, ఇదీ విషయం. నేను పెన్షన్ ఆర్డర్ మీద ఉన్న నంబరు తీసుకుని, దాని రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాశాను. నెలల తర్వాత జవాబు: ఈయన రికార్డులో అలాంటి మెడల్ లేదు. నాకు కోపం వచ్చింది. తోటివాళ్ల అఫిడవిట్లు జతచేసి మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు. చివరికి సమాచార హక్కు చట్టం కింద రికార్డు నకలు అడిగాను. అది వచ్చాక మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ తేదీ చూశాను. అది 1980 తర్వాతది!

వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల దగ్గరున్న రికార్డు ప్రకారం ఆయన 1971లో సైన్యంలోనే లేడు. ఆయన మొదట ఆర్టిలరీలో చేసి డిశ్చార్జి అయ్యారు. కొన్నాళ్లు ఊళ్లో ఉండి, రక్షణ శాఖ స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (డీఎస్‌సీ)లో మళ్లీ చేరారు. ఇక్కడే విశాఖలో నేవీ గేట్ల దగ్గర డ్యూటీ చేసి రిటైరయ్యారు. రెండు సర్వీసులు, రెండు నంబర్లు, రెండు రికార్డు ఆఫీసులు. పెన్షన్ కాగితం మీద ఉన్నది రెండో నంబరు. "పాత బుక్ ఉందా అమ్మా?" అని ఆయన భార్యని అడిగితే, ట్రంకు పెట్టెలో చీరల అడుగు నుంచి తీసి ఇచ్చారు. ఆ నంబరుతో, మొదటి రికార్డు ఆఫీసుకి ఒకే ఒక్క ఉత్తరం రాశాను. నమోదు అక్కడ ఉంది.

అప్పటికే రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లలో ఆయన పోయారు. మెడల్ ఆవిడ తీసుకున్నారు. మొదటిరోజే "అంతకుముందు ఎక్కడ చేశారు?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చేతికే వచ్చేది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే.

విశాఖలో ఈ కేసులు చాలా వస్తాయి, ఎందుకంటే డీఎస్‌సీలో చేసినవాళ్లు ఇక్కడ ఎక్కువ. కానీ ఇంకా దారులున్నాయి. సిపాయిగా చేరి నాయబ్ సుబేదార్ అయితే జేసీ అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది. సిపాయి ర్యాంకుల నుంచి కమిషన్ పొంది ఆఫీసరైనా కొత్త నంబరే. ప్రమోషన్ వచ్చే రోజుల్లో పాత నంబరు మీద వేసిన ఆర్డర్ కొత్త నంబరు షీట్‌కి చేరకుండా మధ్యలో ఆగిపోయిన కేసులు చూశాను. ఇక నంబరు చివర ఉండే అక్షరం. దాన్ని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. అంకె తప్పు పడితే పట్టుకోవడానికే ఆ అక్షరం ఉంది. అది లేకుండా రాయకండి. పాత కార్బన్ కాపీల్లో 3 ఎనిమిదిలా, 1 ఏడులా కనబడుతుంది. ఒకే కాగితం చూసి నంబరు ఎత్తి రాయకండి, రెండు కాగితాలతో పోల్చండి.

దీనికి మందు ఒక తెల్లకాగితం. చేరిన రోజు నుంచి ఇంటికి వచ్చిన రోజు వరకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ నంబరు, ఏ ర్యాంకు, ఏ రెజిమెంటు లేదా కోర్ అని వరుసగా రాయండి. మెడల్ ఏ ఆపరేషన్‌కి అడుగుతున్నారో ఆ తేదీని ఆ వరుసలో పెట్టండి. ఆ రోజు మీ ఒంటిమీద ఉన్న నంబరేది? ఆ నంబరుతో, ఆ రికార్డు ఆఫీసుకే రాయాలి. మిగతా నంబర్లు "తర్వాతి నంబరు" అని కింద రాయండి, పైన కాదు.

రికార్డు ఆఫీసులు ఎక్కడంటే, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లు), ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) సికింద్రాబాద్, సిగ్నల్స్ జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ బెంగళూరు, డీఎస్‌సీ కన్నూర్. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌కి ఢిల్లీ సుబ్రతో పార్క్. నేవీ వాళ్లకు ఒక మాట. తూర్పు నౌకాదళ కమాండ్ మన ఊళ్లోనే ఉంది కదా అని చాలామంది అక్కడి గేటు దగ్గరికి వెళ్లి తిరిగొస్తారు. సెయిలర్ల రికార్డులు ఇక్కడ ఉండవు. ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి.

నంబరు సరిగ్గానే ఉంది, అయినా మెడల్ లేదు

అయితే అటాచ్‌మెంట్ కావచ్చు. మీ యూనిట్ పీస్ స్టేషన్‌లో (యుద్ధరంగం కాని చోట) ఉంది, మిమ్మల్ని మాత్రం ఆరు నెలలకో ఏడాదికో ఫీల్డ్‌లో ఉన్న ఇంకో యూనిట్‌కి పంపారు. మెడల్ జాబితా తయారుచేసినప్పుడు ఆ యూనిట్ "ఈయన మావాడు కాదు" అనుకుంది, మీ యూనిట్ "మేం ఫీల్డ్‌లో లేం" అనుకుంది. ఎవరూ ఆర్డర్ వేయలేదు. సైన్య సేవా మెడల్ క్లాస్ప్‌ల (మెడల్ రిబ్బను మీద ప్రాంతం పేరుతో ఉండే పట్టీల) విషయంలో ఇది బాగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ ఏ ప్రాంతంలో ఎన్నాళ్లు ఉన్నారన్నదే లెక్క.

దీనికి రుజువు మీరే చూపించాలి. మూవ్‌మెంట్ ఆర్డర్ ఉంటే బంగారం. లేకపోతే సెలవు సర్టిఫికెట్, పే బుక్‌లో ఫీల్డ్ అలవెన్సు పడిన నెలలు, ఆస్పత్రిలో చేరి ఉంటే ఆ చీటీ. ఇంటికి రాసిన పాత ఇన్‌లాండ్ లెటర్లు కూడా తీయండి. 56 ఏపీఓ, 99 ఏపీఓ అనే ఆర్మీ పోస్టాఫీసు చిరునామా చాలా పెద్ద ప్రాంతానికి ఒకటే కాబట్టి అది ఒక్కటే చాలదు. కానీ యూనిట్ పేరు, తేదీ ఉన్న ఉత్తరం మిగతా కాగితాలకు బలం ఇస్తుంది. తోటివాళ్ల అఫిడవిట్లు ఆఖర్న పెట్టండి. ముందు కాగితం, తర్వాత మాట.

పేరు తేడా

మన తెలుగువాళ్లకు ఇది తప్పదు. ఇంటిపేరు ముందు రాసుకునేది మనం, అక్కడ ఫారం నింపినవాళ్లు దాన్ని వెనక్కి పెట్టారు, లేదా ఒక్క అక్షరంతో సరిపెట్టారు. అప్పారావుని రెండు ముక్కలు చేసి రావుని ఇంటిపేరు చేశారు. మన వైపు సింహాచలం అన్న పేరు ఇంటికొకటి ఉంటుంది, ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా రాశారో చెప్పలేను. అక్షరం తేడా మాత్రమే అయితే "ఇద్దరూ ఒకరే" అన్న అఫిడవిట్‌తో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకి పంపండి. వాళ్లు ఆర్డర్ వేస్తేనే పేరు మారుతుంది.

ఇక్కడ జనం వరస తప్పుతున్నారు. రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో పేరు మార్చుకుంటే సర్వీస్ రికార్డు మారిపోతుందని అనుకుంటున్నారు. మారదు. ముందు రికార్డు ఆఫీసు, ఆ తర్వాత పెన్షన్ ఆర్డర్‌కి సవరణ, ఆ సవరణ స్పర్శ్‌లో కనబడాలి. భార్య పేరు కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంట్లో పిలిచే పేరొకటి, రికార్డులో ఇంకొకటి ఉంటే ఆ తేడాతో రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి తిరగాల్సింది ఆవిడ.

పుట్టిన తేదీ జోలికి వెళ్లకండి. చేరినప్పుడు రాసిన తేదీనే సర్వీసు తేదీ. రిటైరయ్యాక అది మారదు. ఆధార్‌లో వేరుగా ఉంటే ఆధార్‌నే సరిచేసుకోండి.

మిగిలినవి

పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. అలాంటప్పుడు లాంగ్ రోల్ అనే పాత రిజిస్టరు నకలు అడగండి, అందులో క్లుప్తంగా వివరాలు ఉంటాయి. సాహస పతకం విషయం వేరు. ఇచ్చిన పతకం రికార్డులోకి ఎక్కకపోతే భారత గెజిట్ నకలుతో అడగవచ్చు. "నాకు ఇవ్వాల్సింది, అప్పట్లో సిఫారసు చేయలేదు" అన్నది మాత్రం రికార్డు తప్పు కిందికి రాదు. దాని కోసం ఉన్న కొద్ది ఓపికనూ పోగొట్టుకోకండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఒక ఉత్తరంలో ఒకే మెడల్ అడగండి. "ఈ మెడల్‌కి నా పేరున పార్ట్ టూ ఆర్డర్ ఉందా? ఉంటే దాని నంబరు, తేదీ తెలపండి. లేకపోతే జతచేసిన కాగితాల ఆధారంగా అర్హత పరిశీలించండి" అని సూటిగా అడగండి. జిరాక్సులే పంపండి, ఒరిజినల్ ఎప్పుడూ వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. మూడు నెలలు చూసి జవాబు లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితం అంతా మీ వైపు ఉండి కూడా కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. కానీ నేను చూసిన కేసుల్లో అక్కడిదాకా వెళ్లాల్సినవి చాలా తక్కువ. కవరు మీద, ఉత్తరం పైన, ప్రతి జిరాక్సు మూలన ఆ రోజుల నాటి సర్వీస్ నంబరు, చివరి అక్షరంతో సహా రాయండి.