నిమజ్జనం ఊరేగింపుకు బయలుదేరే ముందు చెవులకు తీసుకోవలసిన జాగ్రత్తలు

డీజే పెట్టెల పక్కన శబ్దం 100 డెసిబెల్స్ దాటవచ్చు. ఆ మోతలో 15 నిమిషాలకు మించి ఉండడం ప్రమాదకరమని, లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు చనిపోతే తిరిగి పుట్టవని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

దూది సరిపోదు. నురుగు ఇయర్‌ప్లగ్‌లు కొని, ఇంట్లోనే ఒకసారి పెట్టుకొని చూడండి: శుభ్రమైన వేళ్లతో ప్లగ్‌ను సన్నని వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బి రంధ్రం నిండేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టే.

చంటిపిల్లలకు ఇవి పెట్టకూడదు. చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు లేకపోతే, పాపాయిని డీజే బండి దగ్గరికి దయచేసి తీసుకువెళ్లవద్దు.

మధ్యలో చెవులకు విశ్రాంతినిచ్చే పక్క వీధిని ముందే చూసుకోండి. చెవుల్లో గుయ్‌మనే మోత మరునాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులను కలవాలి.